పెరటితోటలో బ్రస్సెల్స్ స్ప్రౌట్స్

పెరటిలో నాలుగు పాదులు పెట్టుకొని కూరగాయలు పండించుకొను గృహస్థులకు ఒక బలహీనత కలదు. బీర, పొట్ల, వంగ, బెండ ఎంత చక్కగా కాచుచున్నను, తమ తోటలో లేని మరియొక మొక్కపైకి మనస్సు పోవుచుండును. పెద్ద పట్టణముల దుకాణములలో ఇప్పుడు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అను కూరగాయ కనబడుచున్నది. ఉసిరికాయంత పరిమాణముతో, పొరలు పొరలుగా బిగిసి, క్యాబేజీకి పిల్ల పుట్టినట్లుండును. దానిని చూచినవారు మొదట వేయు ప్రశ్న ఒకటే: “ఇది మన పెరటిలో పండునా?” మేమును ఒకప్పుడు ఆ ప్రశ్నయే వేసికొంటిమి. సమాధానము తెలియుటకు మాకు కొంత సొమ్మును, కొన్ని సంవత్సరముల కాలమును ఖర్చయినవి. ఆ ఖర్చు ఇతరులకు తప్పవలెనని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

ముందుగా ఈ మొక్క వంశమును తెలిసికొనుట మేలు. క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్, బ్రోకలీ, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ చూచుటకు వేర్వేరు కూరలు. వృక్షశాస్త్రజ్ఞులకు మాత్రము అన్నియు ఒకే జాతి. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ 1753లో ఈ జాతికి బ్రాసికా ఒలెరేసియా అని పేరు పెట్టెను. ఐరోపా సముద్రతీరములందలి ఒక అడవిమొక్కను తెచ్చి, అచ్చటి రైతులు తరతరములుగా తమకు నచ్చిన అవయవమును ఎన్నుకొని పెంచుకొనుచు వచ్చిరి. కొనయందలి మొగ్గను పెంచగా క్యాబేజీ అయినది. పూగుత్తిని పెంచగా కాలీఫ్లవరు అయినది. కాండమును ఉబ్బించగా నూల్‌కోల్ అయినది. ప్రతి ఆకు మొదట, కాండమునకు అంటుకొని యుండు చిన్న మొగ్గను పెంచగా బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అయినవి. కనుక మొక్క చూచుటకు విచిత్రముగా నుండును. రెండు మూడడుగుల నిటారైన కాండము, పైన గొడుగువలె ఆకులు, ఆ కాండము చుట్టును క్రిందినుండి పై వరకు వరుసలు తీరిన పచ్చని ఉండలు. బాగుగా పెరిగిన మొక్కకు ఏబదికి పైగా ఉండలు కట్టును.

బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు పరిసరములందు పూర్వము విరివిగా పండించుటచే ఆ నగరము పేరు దీనికి స్థిరపడినది. ఇంగ్లండులో క్రిస్మసు విందునందు ఇది తప్పనిసరి వంటకము. ఆ పండుగకును ఈ కూరకును గల సంబంధము మతవిషయము కాదు, కాలవిషయము. డిసెంబరు నెలలో ఆ దేశపు తోటలు బోసిపోయి, నేల గడ్డకట్టి యుండగా, మంచులో నిలబడి కోతకు సిద్ధముగా నుండు బహు కొద్ది కూరలలో ఇది యొకటి. ఈ మాటలోనే ఈ మొక్క స్వభావమంతయు ఇమిడి యున్నది. దీనికి చలి శత్రువు కాదు; చలియే దీనిని పండించును.

ఈ సంగతి తెలియకయే మేము మొదట కృష్ణాతీరమునందలి మా యింటి పెరటిలో దీనిని వేసితిమి. ఒక మిత్రుడు బహూకరించిన విత్తనపు పొట్లము, పొట్లముపై అందమైన రంగుల బొమ్మ. దసరా వెళ్లిన పిమ్మట నారు పోసితిమి. కార్తికమాసములో నాటితిమి. మొక్కలు ఏపుగా పెరిగినవి. ఆకులు విసనకఱ్ఱలంత వెడల్పుగా విచ్చుకొన్నవి. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. మా తల్లిగారు ప్రతిదినము ఉదయమున చెంబుతో నీరు పోయుచు, “ఇది కూరమొక్కా, క్రోటను మొక్కా, నాయనా?” అని అడుగుచుండిరి. సంక్రాంతి వచ్చినది, వెళ్లినది. కాండము ప్రక్కన శనగగింజలంత మొగ్గలు కనబడినవి. అవి బిగియునని ఎదురుచూచుచుండగా శివరాత్రి వచ్చినది. మొగ్గలు బిగియుటకు బదులు విచ్చుకొని చిన్న చిన్న ఆకుగుత్తులయినవి. వాటికి పేనుబంక పట్టినది. మొక్కలను పీకి ఆవునకు వేసితిమి.

కారణము సులభము. ఈ మొక్కకు మిక్కిలి అనుకూలమైన వేడిమి 15 మొదలు 18 డిగ్రీల సెంటిగ్రేడు. పగటి వేడి 25 డిగ్రీలు దాటి నిలిచినచో మొగ్గ బిగియక వదులై విచ్చుకొనును. మన కోస్తా మైదానములలో డిసెంబరు పగళ్లు కూడ సాధారణముగా 28, 30 డిగ్రీల దగ్గర నుండును. ఇది చాలదన్నట్లు, నాటినది మొదలు కోతకు వచ్చువరకు దీనికి మూడు, నాలుగు నెలలు, కొన్ని రకములకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. అంతకాలము విడువని చల్లదనము మన మైదానములలో లేదు. ఎరువు, నీరు, శ్రద్ధ ఈ లోపమును పూడ్చజాలవు.

కనుక మైదానములందలి గృహస్థులకు మా సలహా స్పష్టము. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌కై ప్రయాసపడవలదు. దాని అన్నదమ్ములగు క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోల్ ఉన్నవి గదా. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నారు పోసినచో శీతకాలములో అవి చక్కగా చేతికి వచ్చును. క్యాబేజీలో గోల్డెన్ ఏకర్ వంటి త్వరగా కాపునకు వచ్చు రకములను ఎంచుకొనవలెను. నూల్‌కోల్ అన్నిటికంటె తొందరగా, నాటిన రెండు నెలలకే అందివచ్చును. పెరటివారికి అది మంచి నేస్తము.

ఇక పండు చోటు సంగతి. కొన్ని సంవత్సరముల పిమ్మట మేము ఉద్యోగరీత్యా నీలగిరులకు పోయి, ఉదకమండలమున మూడేండ్లు కాపురముంటిమి. ఆ కొండలకును ఐరోపా కూరగాయలకును రెండు శతాబ్దముల బాంధవ్యము కలదు. కోయంబత్తూరు కలెక్టరుగా నుండిన జాన్ సల్లివన్ 1819లో ఆ కొండల కెక్కి, కోతగిరి సమీపమునందలి దింబట్టిలో ఇల్లు కట్టుకొని, ఐరోపా పండ్లను, కూరగాయలను పెంచి చూచెను. 1848లో మెకైవర్ రూపొందింప మొదలిడిన ఉదకమండలము వృక్షోద్యానమునకు ముందు అచ్చట నుండినది, తెల్లవారు నెలనెల చందా వేసికొని నడుపుకొన్న కూరగాయల తోటయే. మద్రాసు ప్రభుత్వము వేసవిలో ఆ ఊరికి తరలి పోవుచుండెడిది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసుతో కలిసియే యుండెను గనుక, ‘ఊటీ కూరగాయలు’ అను మాట మన పెద్దలకును సుపరిచితము.

ఉదకమండలము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. వేసవిలోను చల్లగా నుండును. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున పచ్చికపై తెల్లని మంచు పేరుకొనును. అట్టి చోట మా మొక్క తప్పక పండునని ధైర్యము చేసి తిరిగి విత్తితిమి. అయినను మొదటి సంవత్సరము మరల భంగపడితిమి. మొగ్గలు కట్టినవి గాని గట్టిపడలేదు. వ్రేళ్లతో నొక్కిన దూదివలె నుండెను.

మా ప్రక్క తోటలో కూరలు పండించు ఒక వృద్ధ బడగ రైతు కంచె దాటి వచ్చి మా మడిని చూచెను. కాలితో నేలను నొక్కెను, మడమ దిగబడినది. “అయ్యా, ఇది బంగాళాదుంపకు చేసిన దుక్కి. దుంపకు మెత్తని నేల కావలెను, ఈ మొక్కకు గట్టి నేల కావలెను. వేరు కదిలిన మొక్క మొగ్గను బిగించలేదు” అనెను. ఆ మాటతో మాకు రెండవ పాఠము తెలిసినది. క్యారటుకు, దుంపలకు మేలుచేయు గుల్లనేల ఈ మొక్కకు కీడుచేయును. పొడవైన కాండము, పైన బరువైన ఆకులు గాలికి ఊగునపుడు వేరు నేలలో కదలుచుండును. అట్టి మొక్కకు ఉండలు వదులుగా కట్టును. మరుసటి యేడు ఆయన చెప్పినట్లు చేసితిమి. ఆ పద్ధతిని ఇచ్చట వరుసగా వివరించుచున్నాము.

నేలను నాటుటకు చాల ముందుగానే, రెండు మూడు నెలల ముందే, లోతుగా త్రవ్వి బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పిమ్మట దానిని కదపక వదలవలెను. వానకు, ఎండకు మన్ను తనంతట తాను అణగును. నాటుటకు ముందు మడిపై అటునిటు నడచి అడుగులతో త్రొక్కవలెను. కొండనేలలు సాధారణముగా ఆమ్లగుణము గలవి. ఆమ్లపు నేలలో ఈ కుటుంబపు మొక్కల వేళ్లు బుడిపెలు కట్టి ఉబ్బిపోవు తెగులు వచ్చును. దానికి మందు వెదకుటకంటె ముందే నేలలో సున్నము చల్లుట మేలు. అంతకంటె ముఖ్యము, క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ వేసిన మడిలో మూడేండ్లవరకు దీనిని వేయరాదు. అవన్నియు ఒకే కుటుంబమువి. ఒకదాని రోగము మరియొకదానికి అంటును.

నారుమడిలో విత్తనములను అర అంగుళము లోతున, పలుచగా వేయవలెను. వారము, పది దినములలో మొలచును. ఒత్తుగా మొలచినను, నీరు నిలిచినను నారుకుళ్లు పట్టును. ఐదారు వారములకు మొక్క జానెడు లోపు ఎత్తయి, నాలుగైదు ఆకులు తొడుగును. అప్పుడు పెరికి నాటవలెను. మొక్కకు మొక్కకు 2 అడుగులు, వరుసకు వరుసకు రెండున్నర అడుగులు ఎడముండవలెను. చిన్న మొక్కలకు ఇంత చోటా అని మొదట మనస్సొప్పదు. మేము మొదటి యేడు ఒక మడిలో ఇరువది నాలుగు నాటితిమి. తరువాతి యేడు అదే మడిలో పండ్రెండు నాటి, ఎక్కువ పంట తీసితిమి. నాటిన పిమ్మట మొదటి ఆకు వరకు మన్ను చేర్చి, మడమతో గట్టిగా అదుమవలెను. పరీక్ష యేమనగా, ఒక ఆకు కొనను పట్టుకొని లాగినచో ఆకు చినుగవలెను గాని మొక్క కదలరాదు.

మేము నీలగిరులలో జూను చివర నారు పోసి, ఆగస్టు మొదట నాటితిమి. మొక్క అడుగెత్తు పెరిగిన పిదప మొదట మన్ను ఎగద్రోసితిమి. గాలి తాకు చోట్ల ప్రక్కన ఒక కఱ్ఱ పాతి వదులుగా కట్టితిమి. ఎరువు విషయమున ఒక హెచ్చరిక. నత్రజని ఎక్కువైనచో ఆకులు కన్నుల పండువుగా పెరుగును, ఉండలు మాత్రము వదులగును. కనుక మొక్క నిలదొక్కుకొన్న పిమ్మట ఒకమారు కొద్దిగా పై ఎరువు వేసి ఊరకుండవలెను. నీరు క్రమముగా అందవలెను. ఒకనాడు వరద, ఒకనాడు కరవు కారాదు.

చీడలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది పేనుబంక. ఇది ఉండల పొరల మధ్య దూరినచో కడుగుటయు కష్టము. కనుక ఆకుల అడుగున బూడిదరంగు గుంపులు కనబడిన నాడే నీటి ధారతో కొట్టియో, ఆకును త్రుంచియో తొలగించవలెను. రెండవది వజ్రపు గుర్తు రెక్కలపై గల చిన్న రెక్కపురుగు. దాని పచ్చని గొంగళి ఆకును జల్లెడ చేయును. వేపగింజలను నూరి, నీటిలో ఊరబెట్టి వడగట్టిన కషాయమును 5 శాతము పాళ్లలో ఆకుల అడుగు తడియునట్లు చల్లుట పెరటివారికి సులభమైన ఉపాయము. మరియొక ఉపాయము మన ఆవమొక్కయే. మడి అంచున ఒక వరుస ఆవలు చల్లినచో ఆ రెక్కపురుగు దానిపైకి ఎక్కువగా పోవును. ఆవమొక్కపై చేరిన పురుగులను అచ్చటనే నశింపజేయవచ్చును.

క్రింది ఆకులు పండబారినకొలది తీసివేయవలెను. గాలి ఆడును, తెగులు తగ్గును. పైయాకుల గొడుగును మాత్రము ముట్టరాదు. ఉండలకు ఆహారము అందించునది అదియే. ఉండలు క్రిందినుండి పైకి వరుసగా ముదురును గనుక కోతయు అట్లే సాగవలెను. క్రింది ఉండలు అంగుళము, అంగుళమున్నర వెడల్పయి, గట్టిగా ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా క్రిందికి వంచి తెంపవలెను. అన్నియు ఒక్కసారి కావలెననువారు, క్రింది ఉండలు అర అంగుళము దాటిన సమయమున మొక్క తలను త్రుంచుదురు. అప్పుడు పైకి పోవు బలము ఉండలకు మరలి, అన్నియు దాదాపు ఒకేసారి పెరుగును. ఇంటి అవసరమునకు తల త్రుంచకుండుటయే మేలు. వారమునకు ఒకమారు కోసికొనుచు రెండు నెలలు తినవచ్చును.

మా మొదటి కోత నవంబరు చివర వచ్చినది. తినిచూడగా కొంత చేదు తగిలినది. ఆ సంగతి చెప్పగా వృద్ధ రైతు నవ్వి, మంచు పడువరకు మిగిలినవానిని కోయవలదనెను. జనవరిలో రెండు మూడు రాత్రులు మంచు పడిన పిమ్మట కోసినవి తియ్యగా నుండెను. చలికి గడ్డకట్టి చనిపోకుండుటకు మొక్క తనలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చుకొనును. ఆ చక్కెరయే మన నాలుకకు తీపి.

చేదునకు కారణము గంధకముతో కూడిన కొన్ని సహజ పదార్థములు. 1990 తరువాతి దశకమున నెదర్లాండ్సు శాస్త్రజ్ఞుడు హాన్స్ వాన్ డోర్న్, ఆ చేదునకు మూలమగు సినిగ్రిన్, ప్రోగోయిట్రిన్ అను రెండు పదార్థములను గుర్తించెను. అవి తక్కువగా గల పాత రకములను వెదకి, అధిక దిగుబడి రకములతో సంకరపరచి, నేటి తక్కువ చేదు రకములను రూపొందించిరి. చిన్ననాట ఇంగ్లండులో దీనిని ఏవగించుకొన్నవారు నేడు ఇష్టముగా తినుటకు ఇది ఒక కారణము. సినిగ్రిన్ మనకు క్రొత్తది కాదు. ఆవాలలో నున్నది అదియే. ఆవాలు నూరినప్పుడు ముక్కున కెక్కు ఘాటు దానినుండి పుట్టినదే.

ఈ శాస్త్రమేమియు తెలియకయే మా తల్లిగారు దీని వంట కనుగొనిరి. కృష్ణాతీరమున ఆకులకు నీరు పోసి విసిగిన ఆమె, ఉదకమండలమునకు వచ్చినప్పుడు తొలి బుట్టెడు ఉండలను చేతిలోనికి తీసికొని, ఒకదానిని విఱిచి వాసన చూచి, “ఇది ఆవ ఇంటి పిల్ల, నాయనా; ఆవపెట్టి చేసెదను” అనిరి. ఉండలను రెండుగా చీల్చి, ఏడెనిమిది నిమిషములు మాత్రము ఆవిరిపై ఉంచి, పోపులో వేయించి, దింపు సమయమున చింతపండు పులుసు, ఆవముద్ద కలిపిరి. ఎక్కువసేపు ఉడికించినచో గంధకపు వాసన బయలుదేరి కూర చెడును. ఈ కూరకు చెడ్డపేరు వచ్చుటకు సగము కారణము అతిగా ఉడికించుటయే. కొబ్బరికోరుతో వేపుడును బాగుగనే యుండును. పచ్చి స్ప్రౌట్స్ 100 గ్రాములలో సుమారు 85 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. ఎంత తక్కువగా ఉడికించిన అంత ఎక్కువ నిలుచును. కె విటమిను కూడ సమృద్ధిగా నుండుటచే, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారు వైద్యుని అడిగి తినవలెను.

మన కుటుంబములు అనేకము నేడు ఇంగ్లండులోను, అమెరికాలోను స్థిరపడి, ఇండ్లవెనుక చిన్న తోటలు పెంచుకొనుచున్నవి. అచ్చట బెండ, బీర పండుటలేదని చింతించువారికి ఈ మొక్క తగిన ఓదార్పు. ఇంగ్లండులో మార్చి, ఏప్రిలు నెలలలో విత్తి, మే, జూనులలో నాటినచో అక్టోబరు మొదలు చలికాలమంతయు కోతయుండును. అమెరికా ఉత్తర ప్రాంతములలో మే, జూనులలో విత్తి, జూలైలో నాటుదురు. సూత్రము అన్నిచోట్ల ఒక్కటే: కోతకాలము చలికాలముతో కలియునట్లు వెనుకకు లెక్కవేసి విత్తవలెను.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. ఇది మన పెరటిలో పండునా? ఆ పెరడు చల్లని కొండపైనను, శీతదేశమునందును ఉన్నచో పండును. నేల గట్టిగను, ఎడము చాలినంతగను, కోయుచేతికి ఓపికయు ఉన్నచో బాగుగ పండును. మైదానమున పండదు, అందుకు చిన్నబుచ్చుకొన పనిలేదు. ఆ కొండలలో మునగ పండదు. మా తల్లిగారు అచ్చటనున్న దినములలో మునగాకు కొరకు వాపోయిరి. నీలగిరులనుండి తిరిగివచ్చిన సంవత్సరము మేము పాత పెరటిలో నూల్‌కోల్ వేసితిమి. అరవై దినములకు చేతికి వచ్చినది. ఆమె దానికిని ఆవపెట్టిరి.